మాస్టర్ ప్లాన్ 2050 ఖరారయ్యేలోపు మీ కాలనీ సంఘం చేయాల్సిన పనులు

హైదరాబాద్‌లో గట్టి వాన పడ్డ మర్నాడు అందరూ టౌన్ ప్లానర్లే. "ఈ ఊరికి అసలు ప్లానింగే లేదండీ" అని కాలనీ వాట్సాప్ గ్రూపులో రాసేసి, నీళ్లు తగ్గాక మర్చిపోతాం. నిజానికి ఈ ఊరికి ప్లాన్లు మరీ ఎక్కువయ్యాయి. వాటికి చిల్లులు పొడిచే దారులు అంతకన్నా ఎక్కువయ్యాయి. సర్వే నంబరు వారీగా భూవినియోగ మార్పిడులు, రాత్రికి రాత్రి జీవోలు, నాలుగేళ్లకోసారి క్రమబద్ధీకరణ స్కీములు, అన్నీ కలిసి ప్లాన్‌ను తినేస్తాయి. అందుకే నా మాట ఏమిటంటే, హైదరాబాద్‌కు 2050 వరకు తేబోతున్న కొత్త మాస్టర్ ప్లాన్‌ను, అంటే ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే పటాన్ని, ఎంత అందంగా గీస్తున్నారన్నది పెద్దగా పట్టించుకోకండి, గీశాక దాన్ని ఎవరు ఎలా మార్చగలరు అన్న చోట పట్టు పట్టండి. ఆ పట్టు పట్టడానికి కాలనీ స్థాయిలో ఏం చేయొచ్చో ఇక్కడ రాస్తున్నాను.

మీకు వర్తించే ప్లాన్ ఏదో ముందు తేల్చుకోండి

ఇది వినడానికి సిల్లీగా ఉంటుంది కానీ సగం సంఘాలు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. ఈ ప్లాన్లు చూసే మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ 2008లో పుట్టింది, అంతకుముందున్న పట్టణాభివృద్ధి సంస్థ హుడా, సైబరాబాద్ అథారిటీ, ఎయిర్‌పోర్ట్ అథారిటీ, బుద్ధపూర్ణిమ ప్రాజెక్టు అన్నీ దాంట్లో కలిశాయి. సంస్థలు కలిశాయి గానీ వాటి ప్లాన్లు కలవలేదు. పాత నగరపాలక సంస్థ (ఎంసీహెచ్) ప్రాంతానికి 2010లో వచ్చిన ప్లాన్ వేరు, దాని చుట్టూ ఉన్న హుడా ప్రాంతానికి 2008 నాటిది వేరు, సైబరాబాద్‌ది 2001 నాటిది, ఎయిర్‌పోర్ట్ వైపు ఒకటి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు అటూ ఇటూ కిలోమీటరు చొప్పున గ్రోత్ కారిడార్‌కి ఇంకొకటి, వీటన్నిటి బయట మిగిలిన 5,900 చదరపు కిలోమీటర్లకు పైచిలుకు 2013 జనవరిలో నోటిఫై అయిన 2031 ప్లాన్. మీ అపార్ట్‌మెంట్ ఒక ప్లాన్‌లో, రోడ్డు దాటితే కిరాణా కొట్టు ఇంకో ప్లాన్‌లో ఉండొచ్చు. రెండిట్లో జోన్ల (ఇళ్లకు, పరిశ్రమలకు, పార్కులకు అని రంగులేసి విడదీసిన భాగాల) పేర్లే వేరు.

ఇప్పుడు వీటన్నిటినీ ఒకటి చేసి 2050 వరకు కొత్త ప్లాన్ తెస్తామంటున్నారు. ఈలోగా 2025లో హెచ్‌ఎండీఏ హద్దులు రీజినల్ రింగ్ రోడ్డు దాకా జరిగి 10 వేల చదరపు కిలోమీటర్లు దాటాయి. అంటే నిన్నటిదాకా పల్లె అనుకున్న చోట రేపు జోన్ రంగు పడుతుంది. మీ ఊళ్లో పొలం ఉన్న చుట్టాలుంటే ఈ మాట వాళ్లకూ చెప్పండి.

చేయాల్సింది ఇంతే. మీ కాలనీ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ కాగితాల్లో చూసి రాసుకోండి. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్న ప్లాన్ షీట్లలో మీది ఏ షీటో వెతకండి. అర్థం కాకపోతే భూవినియోగ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి, ఫలానా సర్వే నంబరు ఫలానా జోన్ అని రాసి ఇస్తారు. మీ ఇళ్లకే కాదు, పక్కనున్న ఖాళీ జాగాకూ, చెరువు వైపు జాగాకూ తీసుకోండి. తర్వాత గొడవ వచ్చేది వాటి దగ్గరే.

షీటు చేత్తో పట్టుకుని నడవండి

ప్లాన్ ఇంట్లో కూర్చుని చూస్తే ఏమీ తెలియదు. ఏ3 సైజులో రంగుల్లో ప్రింటు తీయించి, ఆదివారం పొద్దున్నే నలుగురైదుగురు బయల్దేరండి. ఒకరి చేతిలో షీటు, ఒకరి చేతిలో టేపు, ఒకరు ఫోటోలకు. ఆ కాలనీ ప్లాట్లుగా అమ్ముడైన రోజుల నుంచి ఉంటున్న పెద్దాయన ఎవరైనా ఉంటే బతిమాలి తీసుకెళ్లండి, ఎందుకంటే నాలా ముందు ఎటు పారేదో ఏ షీటులోనూ ఉండదు, ఆయనకు గుర్తుంటుంది.

మూడు చూడండి. మొదటిది రోడ్డు. షీటులో 60 అడుగులని ఉన్న రోడ్డు అక్కడ నిజంగా ఎంత ఉందో ప్రహరీ నుంచి ప్రహరీకి కొలవండి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అదీ రాసుకోండి. ఈ కొలత ఎందుకంటే హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. ముంబైలో, చెన్నైలో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలని లెక్క ఉంటుంది, మన దగ్గర ప్రధానంగా రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాకులను బట్టి ఎత్తు తేలుతుంది. కోకాపేట వైపు 50 అంతస్తులు దాటిన టవర్లు లేచింది అలాగే. కాబట్టి మీ రోడ్డు వెడల్పు కాగితం మీద ఎంత, నేల మీద ఎంత అన్నది మీ నీళ్లకు, డ్రైనేజీకి, పార్కింగ్‌కు నేరుగా తగిలే విషయం.

రెండోది నీటి దారి. 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకో కుంటకో 9 మీటర్లు, 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు బఫర్, అంటే కట్టడం లేని ఖాళీ, వదలాలి. 2 మీటర్లంటే ఆరున్నర అడుగులు, టేపు పెడితే నిమిషంలో తెలిసిపోతుంది. నాలా మీద స్లాబ్ వేసి పైన కొట్టు పెట్టిన చోట ఫోటోలో లొకేషన్, తేదీ పడేలా తీయండి. చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్‌ఎండీఏ లేక్స్ సైట్‌లో ఉంటాయి, అది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అన్నది తప్పకుండా చూడండి. ప్రాథమికం దగ్గరే ఆగిపోయిన చెరువు ఉంటే అదే మీ మొదటి అర్జీ. శాటిలైట్ బొమ్మల్లో వెనక్కి జరిపి ఏ ఏడాది మట్టి పోశారో కూడా చూడొచ్చు.

మూడోది పార్కు, బడి, ఆట స్థలం. లేఅవుట్ కాగితంలో పార్కుగా ఉన్నది ఇప్పుడు ఏమైందో చూడండి. దీని గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిన కథే.

నడిచి వచ్చిన రోజే ఒక పట్టిక రాసేయండి. షీటులో ఏముంది, నేల మీద ఏముంది, ఫోటో నంబరు. తర్వాత రాద్దాం అనుకుంటే రాయరు.

అసలు చిల్లు భూవినియోగ మార్పిడి దగ్గర

ఒక యజమాని తన భూమిని పరిరక్షణకు ఉంచిన కన్సర్వేషన్ జోన్ నుంచో, పార్కులకు, ఆటలకు ఉంచిన రిక్రియేషన్ నుంచో రెసిడెన్షియల్‌కో మల్టిపుల్ యూజ్‌కో మార్చమని దరఖాస్తు పెడతాడు. ఫైలు హెచ్‌ఎండీఏ నుంచి మునిసిపల్ శాఖకు వెళ్తుంది. ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడగాలి, ఆ తర్వాతే తుది జీవో. చట్టం వరకు బాగానే ఉంది. ఆ ముసాయిదా ప్రకటన పేపర్లో టెండర్ల పక్కన చిన్న అక్షరాల్లో వస్తుంది, గ్రామం పేరు, సర్వే నంబరు, తూర్పు పడమర హద్దులు తప్ప మనిషికి అర్థమయ్యే ముక్క ఒక్కటీ ఉండదు, గడువు చూస్తే రోజుల్లో ఉంటుంది. మీరు చూసేసరికి అయిపోతుంది.

కాబట్టి సంఘంలో ఒకరికి ఈ పని అప్పగించండి. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఎవరైనా దొరికితే అదృష్టమే, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది వాళ్లే. తెలుగు పేపరు, ఇంగ్లిష్ పేపరు రెండూ, ప్లస్ ప్రభుత్వ జీవోల వెబ్‌సైట్‌లో మునిసిపల్ శాఖ పేజీ, వారానికోసారి. మీ మండలం, మీ గ్రామం రెవెన్యూ పేరు గుర్తుంచుకోండి. కాలనీ పేరు నోటీసులో రాదు, రెవెన్యూ గ్రామం పేరే వస్తుంది. మీరు గేటెడ్ కమ్యూనిటీకి ఏ ఫ్యాన్సీ పేరు పెట్టుకున్నా నోటీసు దృష్టిలో మీరు పుప్పాలగూడో, నార్సింగో, బాచుపల్లో.

ఇప్పటికే జరిగిపోయిన మార్పిడులకు ఆర్టీఐ వేయండి. పది రూపాయలు, ముప్పై రోజుల గడువు. ఇక్కడ ఒక కిటుకు. "ఎందుకు మార్చారు?" అని అడిగితే "ఇది సమాచారం కిందకు రాదు" అని ఒక లైన్లో తిప్పి పంపుతారు. కాపీలు అడగండి. ఇలా రాయొచ్చు.

"ఫలానా మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాకు సంబంధించి 2013 జనవరి తర్వాత జరిగిన భూవినియోగ మార్పిడి ఫైలులోని నోట్ షీట్ల కాపీలు, క్షేత్ర తనిఖీ నివేదిక కాపీ, ముసాయిదా నోటీసుపై వచ్చిన అభ్యంతరాల కాపీలు, వాటిపై తీసుకున్న చర్య తాలూకు కాగితాల కాపీలు ఇప్పించగలరు."

నోట్ షీట్లలో అసలు సంగతి ఉంటుంది. కింది ఉద్యోగి "ఇది నాలా పక్కనుంది, సిఫారసు చేయలేం" అని రాస్తే పైకి పోయే కొద్దీ ఆ మాట ఎలా మెత్తబడిందో వరసగా కనిపిస్తుంది. కింది స్థాయి వాళ్లందరినీ తిట్టిపోయకండి, చాలాసార్లు వాళ్లు రాయాల్సింది రాసే ఉంటారు.

అభ్యంతరం రాసే పద్ధతి

ముసాయిదా ప్లాన్ బయటికి వచ్చినప్పుడు అందరం చేసే పని ఒకే ఉత్తరం జిరాక్స్ తీసి వంద మంది సంతకం పెట్టడం. ఆఫీసులో ఆ వందా ఒక్క అభ్యంతరంగా లెక్కేసి ఒక్క జవాబుతో పక్కన పెట్టేస్తారు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో విషయం మీద వేరువేరుగా వెళ్లాలి. రోడ్డు మీద ఒకటి, నాలా మీద ఒకటి, బడి స్థలం మీద ఒకటి. ఒక్కో ఉత్తరంలో షీటు నంబరు, సర్వే నంబరు, తప్పేమిటి, ఏం మార్చాలి, ఆధారం. ఆవేశం వద్దు, "గౌరవనీయులైన కమిషనర్ గారికి" తర్వాత నేరుగా విషయంలోకి దిగండి.

"ముసాయిదా షీటు నంబరు ఫలానాలో మా కాలనీ ఉత్తర హద్దున ఉన్న నాలాను చూపలేదు. గ్రామ నక్షాలో ఈ నాలా ఉంది, కాపీ జతపరిచాను. ప్రస్తుతం నాలా వెడల్పు మూడు చోట్ల కొలిచిన వివరాలు, ఫోటోలు జతపరిచాను. నాలాను, దాని బఫర్‌ను తుది ప్లాన్‌లో చూపించి, ఆ మేరకు సర్వే నంబరు ఫలానాలో ప్రతిపాదించిన రెసిడెన్షియల్ వినియోగాన్ని సవరించాలని కోరుతున్నాను. నన్ను నేరుగా విచారణకు పిలవాలని మనవి."

ఆ ఆఖరి వాక్యం మర్చిపోకండి. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి ముద్ర, తేదీ, నంబరు వేసిన కాపీ తెచ్చుకోండి, ఈమెయిల్ కూడా పంపండి. గ్రామ నక్షా మాత్రం ముందే తీసి పెట్టుకోవాలి, గడువు మొదలయ్యాక సర్వే ఆఫీసు చుట్టూ తిరిగితే నక్షా వచ్చేలోపు గడువు పోతుంది.

ఇదంతా రాస్తే ఎవరు చదువుతారు అంటారా. ముంబైలో 2015 ఫిబ్రవరిలో 2034 డెవలప్‌మెంట్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టారు. ఉన్న భవనాల మీదుగా రోడ్లు గీశారని, వారసత్వ కట్టడాలను సరిగా చూపలేదని జనం పట్టుకున్నారు. 60 వేలకు పైగా అభ్యంతరాలు వెళ్లాయి. ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి దాన్ని పక్కన పెట్టి తప్పులు దిద్దమన్నారు, సవరించిన ప్లాన్ 2018లో గానీ అమల్లోకి రాలేదు. అక్కడ పని ముసాయిదాకు ముందే మొదలైంది. ప్రస్తుత భూవినియోగ మ్యాపుల్ని కార్పొరేషన్ ముందే బయట పెడితే, పౌర సంస్థలు వార్డు వారీగా కూర్చుని తప్పులు ఏరాయి. మనం కూడా అడగాల్సింది అదే, ముసాయిదా కంటే ముందు ఇప్పుడున్న భూవినియోగం మ్యాపు బయట పెట్టమని.

మన దగ్గర కామారెడ్డి ఉంది. అక్కడ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో పంట భూములకు ఇండస్ట్రియల్ జోన్ రంగు పడిందని తెలిసి 2023 జనవరిలో రైతులు రోడ్డెక్కారు, కలెక్టరేట్ ముట్టడించారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది, ఆఖరికి మునిసిపల్ పాలకవర్గమే ఆ ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. గెలిచారు, కానీ ఎంత నలిగాక! రంగు వేయకముందే ఊళ్లో గ్రామసభ పెట్టి మ్యాపు పరిస్తే సరిపోయేది.

ఇక పెద్ద కోరికలు

కాలనీ పని కాలనీది, అసలు వ్యవస్థ మారాలంటే పది సంఘాలు కలిసి అడగాల్సినవి కొన్నున్నాయి. నా లెక్కలో అన్నిటికన్నా ముందుది, ప్లాన్ గీసే సంస్థే భూమి అమ్మకూడదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటి పలికింది, అమ్మింది హెచ్‌ఎండీఏ. ఆ డబ్బుతో రోడ్లు వేస్తామంటారు, నిజమే కావచ్చు. కానీ ఎకరం ధర అక్కడ ఎన్ని అంతస్తులు కట్టొచ్చన్న దాన్ని బట్టి ఉంటుంది, ఆ రూల్ అమలు చేసేదీ వాళ్లే. వేలం వేరే సంస్థకు ఇచ్చేయాలి, లేదా ప్లానింగ్ విభాగాన్నే వేరు చేయాలి. ఈ మాట మేనిఫెస్టోలో రాసిన పార్టీ నాకు కనబడలేదు.

తర్వాతది రాజ్యాంగంలోనే ఉంది. 74వ సవరణ పట్టణ ప్రణాళికను పన్నెండో షెడ్యూల్లో మొట్టమొదటి అంశంగా పెట్టింది. మహానగరానికి మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలని, అందులో కనీసం మూడింట రెండొంతుల మంది స్థానిక ప్రజాప్రతినిధులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లు ఉండాలని 243జెడ్ఈ అధికరణ చెబుతుంది. మన దగ్గర హెచ్‌ఎండీఏ చైర్మన్ ముఖ్యమంత్రి, మీ కార్పొరేటర్‌కు మాస్టర్ ప్లాన్ మీద ఉన్న అధికారం మీకున్నంతే. ఓట్లకు వచ్చినప్పుడు సీసీ రోడ్డుతో పాటు ఇది కూడా అడగండి, ముందు వాళ్లే ఆశ్చర్యపోతారు. పైగా 2025 చివర్లో ఔటర్ లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు కాబట్టి ఇప్పుడు వార్డు ఇంకా దూరమైంది. వార్డు కమిటీ లేకుండా మన పేటకు సొంత ప్లాన్ (లోకల్ ఏరియా ప్లాన్) అన్నది మాటే.

క్రమబద్ధీకరణ గురించి నలుగురికీ నచ్చని మాట చెప్తాను. 2020 నాటి లేఅవుట్ క్రమబద్ధీకరణ స్కీము ఎల్ఆర్ఎస్‌కు రాష్ట్రమంతా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అందులో మోసపోయి ప్లాటు కొన్న పేదవాళ్లు, మధ్యతరగతి వాళ్లే ఎక్కువ ఉంటారు, వాళ్లను రోడ్డున పడేయమని నేను అనను. కానీ స్కీము వచ్చిన ప్రతిసారీ అమ్మిన వాడు హాయిగా ఉంటాడు, కొన్నవాడు ఫీజు కడతాడు. అడగాల్సింది ఇది. మళ్లీ స్కీము తెస్తే అక్రమ లేఅవుట్ వేసిన వాళ్ల జాబితా, వాళ్ల మీద పెట్టిన కేసులు కూడా అదే రోజు బయట పెట్టండి. చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే భూమిలో) ఉన్నవి స్కీములో కలపొద్దు. ఇప్పుడు చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి కూల్చుతోంది, కూల్చిన ప్రతి కట్టడానికీ గతంలో అనుమతి ఇచ్చిన సంతకం ఎవరిదో కూడా బయటికి రావాలి.

జీవో 111 చూడండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలకు 1996లో కళ్లెం వేసిన జీవో అది. 2022లో ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో, 2023లో పూర్తిగా ఎత్తేస్తామని కేబినెట్ నిర్ణయం. ఆ ఊళ్ల రైతులకు పాతికేళ్లు అన్యాయం జరిగిందన్నది కాదనలేం, పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే వాళ్లు చూస్తూ కూర్చోవాలా? కానీ ఆ నష్టానికి పరిహారం లెక్క కట్టకుండా నేరుగా ఆంక్ష తీసేయడం, అదీ ప్లాన్ ఏదీ లేకుండా, సులువైన దారి. కొత్త ప్లాన్‌లో ఈ 84 గ్రామాలకు ఏం రాస్తారన్నది చూస్తే మిగతా ప్లాన్ ఎంత సీరియస్‌గా గీశారో తెలిసిపోతుంది, ముసాయిదా రాగానే నేను తెరిచే మొదటి షీటు అదే.

ప్లానర్ల కొరత కూడా నిజమే. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖల్లో దేశం మొత్తం మీద మంజూరైన ప్లానర్ పోస్టులే 3,945 అని, వాటిలో 42 శాతం ఖాళీ అని నీతి ఆయోగ్ 2021లో చెప్పింది. అవసరమైనవి 12 వేల పైమాటే. ఉన్న కొద్దిమందీ పర్మిషన్ ఫైళ్లలో మునిగిపోతే ప్లాన్ కన్సల్టెంట్ చేతికి పోతుంది. కన్సల్టెంట్ వచ్చినప్పుడు మీ కాలనీలో నడిచాడా అని అడగండి, నడవకపోతే మీ ఆదివారం పట్టిక ఆయన చేతిలో పెట్టండి.

విచారణ రోజున, ఆ తర్వాత

విచారణకు పిలిస్తే ఇద్దరే వెళ్లండి, ఇరవై మంది వెళ్తే గొడవ తప్ప ఏమీ జరగదు. ప్లాన్ షీటు, గ్రామ నక్షా, ఫోటోలు, ఇన్‌వర్డ్ నంబర్లున్న జాబితా ఒక ఫైల్లో. ఐదు నిమిషాలే ఇస్తారనుకుని సిద్ధం కండి. ఎమ్మెల్యే గారి ఉత్తరం ఉంటే పెట్టండి, లేకపోయినా నష్టం లేదు. "చూస్తాం" అంటే "మినిట్స్‌లో రాయండి సార్" అని నవ్వుతూనే అడగండి. ఇంటికొచ్చాక అదే రాత్రి జరిగిందంతా ఈమెయిల్‌లో వాళ్లకే రాసి పంపండి, తేదీతో.

తుది ప్లాన్ నోటిఫై అయ్యాక మళ్లీ పది రూపాయలు పెట్టి ఇంకో ఆర్టీఐ. మీ ఇన్‌వర్డ్ నంబర్లన్నీ రాసి, ఒక్కోదానిపై తీసుకున్న నిర్ణయం కాపీ ఇవ్వమనండి. ముప్పై రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి, అప్పుడూ రాకపోతే సమాచార కమిషన్‌కు. ఈ కాగితాలు చేతిలో ఉంటేనే రేపు కోర్టుకు వెళ్లినా వకీలు మీ ఫైలు పట్టుకుంటాడు. సంఘం అధ్యక్షుడు మారినప్పుడు ఈ ఫైలు ఆయన ఇంటి అటక మీద ఉండిపోకుండా స్కాన్ చేసి అందరికీ పంచి పెట్టండి.